పశువుల జబ్బు మనిషికి చేరే దారులు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు ముప్పు ఎక్కడ?

క్లుప్తంగా: బర్డ్‌ఫ్లూ వార్త రాగానే చికెన్ మానేయడం ఈ రెండు జిల్లాల్లో అలవాటైపోయింది. ఉడికించిన మాంసంతో జబ్బు వచ్చే అవకాశం దాదాపు లేదు. జబ్బు అంటుకునేది పచ్చిపాలు తాగినప్పుడు, ఈసుకుపోయిన (నెలలు నిండకముందే పిండం పడిపోయిన) పశువు మాయను ఒట్టి చేతులతో లాగినప్పుడు, కోసిన గొర్రె లోపలి భాగాలను కుక్కలకు వేసినప్పుడు, వరదనీటిలో చెప్పుల్లేకుండా దిగినప్పుడు. ఇవి రోజూ జరిగే పనులు కాబట్టే వీటి నుంచి వచ్చే జబ్బులు వార్తల్లోకి ఎక్కవు.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు గుంపులుగా చచ్చిపోయాయి. భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ప్రయోగశాల వాటి నమూనాలను పరీక్షించి బర్డ్‌ఫ్లూ అని నిర్ధారించింది. ఆ ఊళ్ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో చికెన్ దుకాణాలు మూయించారు. ఏడాది తిరిగేసరికి గోదావరి జిల్లాల్లో అదే జబ్బు కనిపించింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఇదే వైరస్‌తో మరణించింది. దేశంలో మనిషి బర్డ్‌ఫ్లూతో చనిపోవడం అది రెండోసారి. అదే సమయంలో గులియన్ బారే సిండ్రోమ్, అంటే జీబీఎస్ భయం కూడా మొదలైంది. ప్రకాశం జిల్లాలోనూ ఒక మరణం నమోదైంది. ఈ రెండూ ఒకటేనని, రెండింటికీ కోడే కారణమని వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్‌లకు లెక్కలేదు.

ఆ రెండింటికీ సంబంధం లేదు. జీబీఎస్ ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు కాదు. ఏదో ఒక ఇన్ఫెక్షన్ తగ్గాక శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత నరాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. ముందు వచ్చే ఆ ఇన్ఫెక్షన్లలో క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఒకటి. అది సరిగా ఉడకని చికెన్‌లోనూ, కలుషితమైన నీటిలోనూ ఉంటుంది. కోడితో ఉన్న సంబంధం అంతవరకే.

అంటేవి, అంటనివి

మనుషుల్లో కనిపించే అంటువ్యాధుల్లో దాదాపు అరవై శాతం జంతువుల నుంచి వచ్చినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ మాట విన్నవారికి పశువుకు వచ్చిన ప్రతి జబ్బూ మనకూ వస్తుందన్న అనుమానం రావడం సహజం. కానీ పల్లెలో పశువులను ఎక్కువగా పీడించే జబ్బుల్లో చాలావాటికి మనిషి ఒంట్లో చోటు లేదు.

గాలికుంటు సోకిన గేదె నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి. పిల్లలకు చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు వేరు, దాని వైరస్ వేరు. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల కలిగిన గందరగోళమే ఇది. ఒళ్లంతా గడ్డలు లేచే లంపీ స్కిన్ ఆవులను, గేదెలను దాటి మనుషులకు సోకినట్టు ఆధారం లేదు. ఆ పశువు పాలు కాచుకుని తాగితే భయం లేదు. గొర్రెలకు వచ్చే పారుడు రోగం, నీలినాలుక వ్యాధి కూడా మనిషికి అంటవు. తీరం వెంట రొయ్యల చెరువులున్న ఊళ్లలో తెల్లమచ్చ వైరస్ మాట రోజూ వినిపిస్తుంది. రైతును అప్పుల్లోకి నెట్టే జబ్బే అయినా, అది రొయ్యలు, పీతల వంటి వాటికే పరిమితం. తినేవారికి దానితో ఏమీ కాదు.

ఈ తేడా ఎందుకంటే, వైరస్ ఒక కణంలోకి చొరబడాలంటే ఆ కణం మీద దానికి సరిపోయే పట్టు దొరకాలి. బర్డ్‌ఫ్లూ వైరస్ పట్టుకునే రకం గ్రాహకాలు కోళ్ల శ్వాసనాళంలో, పేగుల్లో నిండా ఉంటాయి. మనిషికి ముక్కు, గొంతులో అవి చాలా తక్కువ. ఊపిరితిత్తుల లోతుల్లో, కంటిపొరలో ఉన్నాయి. అందుకే మామూలుగా ఎదురయ్యే వైరస్ మనిషిని ఏమీ చేయలేదు. లోతుకు చేరేంత మోతాదులో పీలిస్తే జబ్బు తీవ్రంగా వస్తుంది. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ రకం సోకినట్టు నమోదైన మనుషులు సుమారు వెయ్యి మంది. వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. సోకడం అరుదు, సోకితే ప్రాణాంతకం. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే ఒక వైపు అనవసరమైన టెన్షన్, మరో వైపు అనవసరమైన ధైర్యం మిగులుతాయి.

బర్డ్‌ఫ్లూ: ప్రమాదం కూరలో లేదు, కోసే చోట ఉంది

శీతాకాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే నీటిపక్షులు ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న పులికాట్, నేలపట్టుల మీద, ఇంకా నెల్లూరు జిల్లాలోని చెరువుల మీదా వాలతాయి. అడవిబాతుల వంటి నీటిపక్షుల్లో చాలావాటికి ఈ వైరస్ ఉన్నా జబ్బు బయటపడదు. వాటి రెట్ట పడిన నీటిని ఊళ్లోని బాతులు, పెరటికోళ్లు తాగుతాయి. అక్కడి వరకు తప్పు పక్షులదని అనుకోవచ్చు. ఆ తర్వాత ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి వైరస్‌ను మోసేది ఎక్కువగా మనుషులే. దాణా లారీ టైర్లు, గుడ్ల ట్రేలు, ఒక షెడ్డులో తొడిగి ఇంకో షెడ్డులోకి వెళ్లే చెప్పులు. వలస పక్షులను తరిమేస్తే జబ్బు పోతుందన్న వాదనలో పస లేదు.

వైరస్ 70 డిగ్రీల వేడికి చచ్చిపోతుంది. మన ఇళ్లలో కోడికూర అంతకంటే ఎక్కువ వేడి మీద, చాలాసేపు ఉడుకుతుంది. ప్రమాదమంతా పొయ్యి మీదకు ఎక్కకముందే. జబ్బుపడిన కోడిని కోసి, ఈకలు పీకి, పేగులు తీసేటప్పుడు రెట్ట, రక్తం తుంపరలుగా లేస్తాయి. నీరసంగా ఉన్న కోడిని చచ్చేలోపే కోసుకుంటే నష్టం తప్పుతుందనే లెక్క పెరటి పెంపకంలో సాధారణం. మిగతా వాటికంటే ఈ ఒక్క అలవాటే ఎక్కువ ప్రమాదకరం. పల్నాడు పాప విషయంలో కూడా వండేటప్పుడు పచ్చి చికెన్ ముక్క నోట్లో పెట్టుకుందని వైద్యులకు కుటుంబం చెప్పినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

పరిహారం నిబంధనకూ ఇందులో పాత్ర ఉంది. ప్రభుత్వం డబ్బిచ్చేది జబ్బు నిర్ధారణయ్యాక అధికారులు చంపించిన కోళ్లకు. అప్పటికే చచ్చినవాటికి రాదు. అంటే కబురు ఎంత ఆలస్యమైతే రైతుకు అంత నష్టం. ఈ సంగతి తెలియక, పేరు బయటికొస్తే అమ్మకం ఆగుతుందనే భయంతో చచ్చిన కోళ్లను కాలువలో పడేసేవారున్నారు. నష్టం వాళ్లతో ఆగదు, కాలువ దిగువనున్న ఊళ్లకూ పాకుతుంది.

గుమ్మపాలు, మాయ, ఆగి ఆగి వచ్చే జ్వరం

ఒంగోలు జాతి ఆవు, గేదెలు, నెల్లూరు గొర్రె ఉన్న ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాల్సిన జబ్బు బ్రూసెల్లోసిస్. పశువైద్యులు ఈసుడు రోగం అంటారు. చూడి చివరి నెలల్లో ఆవు ఉన్నట్టుండి ఈసుకుపోతుంది. మాయ పడదు. తర్వాతి ఈతకు పశువు మామూలుగానే ఉంటుంది, పాలిస్తుంది. రైతుకు దూడ పోయిన బాధ తప్ప ఇంకేమీ కనిపించదు. పాలలో మాత్రం బ్యాక్టీరియా నెలల తరబడి వస్తూనే ఉంటుంది.

మనిషికి చేరే దారులు రెండు. మొదటిది చేతులు. మాయ పడకపోతే ఎవరో ఒకరు మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతారు. ఈసుకుపోయిన పిండంలో, మాయలో, ఆ నీటిలో బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. చేతి మీద గడ్డి కోసిన గీతలు చాలు, లోపలికి వెళ్లడానికి. ఆ మాయను పెంటకుప్ప మీద వేస్తే కుక్క లాక్కెళ్లి పక్క కొట్టం దగ్గర వదులుతుంది. రెండో దారి పచ్చిపాలు. పొదుగు దగ్గరే పిండిన గుమ్మపాలు తాగితే బలమని పిల్లలకు పట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాచిన పాలలో ఈ క్రిమి బతకదు. కాచి తోడువేసిన పెరుగుకూ, ఆ మజ్జిగకూ ఇదే వర్తిస్తుంది.

మనిషిలో ఇది మొండి జ్వరంగా వస్తుంది. సాయంత్రానికి ఒళ్లు కాలి, రాత్రి చెమటలు పట్టి, తెల్లారేసరికి తగ్గుతుంది. పది రోజులు ఉండి పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. నడుమునొప్పి, తుంటి, మోకాళ్ల నొప్పులు పట్టుకుంటాయి. మగవారిలో కొందరికి వృషణాలు వాస్తాయి. పల్లెల్లో జ్వరం రాగానే చేసే మొదటి పరీక్ష వైడాల్. అందులో ఏ కాస్త తేడా కనిపించినా టైఫాయిడ్ అని రాసి, ఇంజెక్షన్లు, సెలైన్లు ఎక్కిస్తారు. టైఫాయిడ్‌కు ఇచ్చే ఇంజెక్షన్లతో బ్రూసెల్లోసిస్ పూర్తిగా పోదు. దానికి డాక్సీసైక్లిన్‌తో పాటు మరో మందు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. వారానికే ఆపేస్తే తిరగబెడుతుంది. ఈ తిప్పలన్నీ పడి చివరికి వెన్నెముక స్కానింగ్ దాకా వెళ్లాక అసలు జబ్బు బయటపడుతుంది. అప్పటికి ఆ రైతు ఆస్పత్రి ఖర్చు పశువు ధరను దాటి ఉంటుంది.

అడ్డుకునే టీకా ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలకు జీవితంలో ఒక్కసారి ఉచితంగా వేస్తారు. ఇది ఆవు, గేదె పెయ్యలకే. గొర్రెలకు, మేకలకు ఈ పథకంలో చోటు లేదు. మనిషిని ఎక్కువ బాధపెట్టే బ్రూసెల్లా రకం మాత్రం గొర్రెలు, మేకల్లో ఉండేదే. గొర్రెల మీద ఇంతగా బతికే జిల్లాలకు ఇది చిన్న లోటు కాదు. పైగా ఈసుకుపోయిన పశువును ఇంట్లో ఉంచుకోకుండా సంతకు తోలడం మామూలు. కొన్నవాడికి చరిత్ర తెలియదు. అలా జబ్బు ఒక మండలం నుంచి ఇంకో మండలానికి నడిచి వెళుతుంది.

మంద, కుక్క, మాంసం కొట్టు

హైడాటిడ్ అనే జబ్బు పేరు చాలామంది విని ఉండరు. కాలేయంలో నీటిబుడగ ఉందని స్కానింగ్‌లో తేలి, ఆపరేషన్ చేయించుకున్నవారు మాత్రం గొర్రెలు మేపే ఊళ్లలో కనిపిస్తారు. దేశంలో ఇది ఎక్కువగా కనిపించే రాష్ట్రాలుగా వైద్య గ్రంథాలు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లు చెబుతాయి.

దీని వెనుక కొద్ది మిల్లీమీటర్ల పొడవుండే బద్దెపురుగు ఉంది. అది కుక్క పేగులో ఉంటుంది, కుక్కకు ఏ ఇబ్బందీ ఉండదు. దాని గుడ్లు కుక్క మలంతో పాటు బీళ్లలో, పొలాల్లో పడతాయి. గడ్డితో పాటు గొర్రె వాటిని మింగుతుంది. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఆ పురుగు పిల్లలు నీటితిత్తులుగా పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు కొట్టతను బుడగలున్న ఆ ముక్కను పక్కకు తీసి, చుట్టూ కాచుకుని ఉన్న కుక్కలకు విసురుతాడు. కుక్క తింటుంది. ఆరేడు వారాల్లో దాని పేగులో పురుగులు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడం మొదలవుతుంది. చక్రం పూర్తయింది.

ఇందులో మనిషి పొరపాటున గొర్రె స్థానంలోకి వస్తాడు. మటన్ తిన్నందువల్ల రాదు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మాంసంలోని తిత్తి మనిషికి ఏమీ చేయదు. కుక్క మలంలోని గుడ్డు నోట్లోకి వెళితేనే జబ్బు. కుక్క తన ఒళ్లు నాక్కుంటుంది, గుడ్లు బొచ్చుకు అంటుకుంటాయి. దాన్ని నిమిరిన చేత్తో పిల్లవాడు అన్నం తింటాడు. లేదా కుక్కలు తిరిగిన మడిలోని ఆకుకూర సరిగా కడగకుండా పచ్చిగా తింటారు. లోపలికి వెళ్లిన తిత్తి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. చిన్నప్పుడు అంటుకున్నది పెద్దయ్యాక కడుపులో బరువుగానో, తగ్గని దగ్గుగానో బయటపడొచ్చు. అది లోపలే పగిలితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది.

ఈ ప్రాంతపు గొర్రెల పెంపకం ఈ చక్రానికి ఎంత అనువుగా ఉందో చూడాలి. మెట్ట ప్రాంతంలో మేత తగ్గగానే కాపరులు మందలను పెన్నా ఆయకట్టు వైపు తోలుకొస్తారు. కోత అయిన పొలాల్లో ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. మందతో పాటు కాపలా కుక్కలు వస్తాయి. దారిలో చచ్చిన గొర్రె వాటికే ఆహారం. ఒక ఊరి పురుగు ఇంకో ఊరి పొలానికి చేరడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు అక్కర్లేదు. కాపరి కుటుంబం అదే చోట వండుకుని, అదే చోట పడుకుంటుంది. నష్టపోయేవారిలో వాళ్లే ముందు.

తెంచడం మాత్రం కష్టమైన పని కాదు. తిత్తులున్న లోపలి భాగాలను కుక్కకు వేయకుండా ఉడికించేయాలి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చాలి. కాపలా కుక్కలకు ప్రాజిక్వాంటెల్ అనే నులిపురుగుల మందు ఏడాదిలో కనీసం నాలుగుసార్లు పట్టించాలి. గొర్రెలకు మందు తాగించడం కాపరులందరికీ తెలిసిన పనే. పక్కనున్న కుక్కకు కూడా పట్టించాలని చెప్పేవారే తక్కువ.

కుక్కకాటు, పశువు నోట్లో చెయ్యి

రేబిస్ గురించి అందరికీ తెలిసినట్టే ఉంటుంది. ప్రపంచంలో ఏటా ఈ జబ్బుతో చనిపోయేవారిలో మూడో వంతుకు పైగా భారతీయులేనని అంచనా. లక్షణాలు మొదలయ్యాక బతికే అవకాశం లేనట్టే. కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల వ్యవధి ఉంటుంది. వైరస్ నరం వెంట మెదడుకు నెమ్మదిగా పాకుతుంది కాబట్టి టీకాకు సమయం దొరుకుతుంది. గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగడం సగం వైద్యం. ఈ వైరస్ పైపొర కొవ్వుతో తయారైంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. కారం, సున్నం, జిల్లేడు పాలు పూస్తే గాయం రేగి వైరస్ ఇంకా లోతుకు వెళుతుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లనే భయం పాత టీకా నాటిది, దాన్ని దేశంలో ఆపేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో భుజం చర్మంలోకి 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చేంత కాటైతే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. టీకా ఒక్కటే చాలదు.

రైతులు పెద్దగా వినని సంగతి ఇంకొకటుంది. పిచ్చికుక్క కరిచిన ఆవుకో గేదెకో రేబిస్ వస్తే మింగుడుపడదు, చొంగ కారుతుంది, గొంతు మారుతుంది. గొంతులో టెంకో, గుడ్డపేలికో ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. ఆ చొంగలో వైరస్ ఉంటుంది, చేతి మీద గీతలుంటాయి. అలా చెయ్యి పెట్టినవారంతా కుక్క కరిచినవారితో సమానంగా టీకా వేయించుకోవాల్సిందే.

చచ్చిన పశువును కోయడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కళేబరం మూసి ఉన్నంతవరకు క్రిమి లోపలే కుళ్లి చస్తుంది. కోస్తే గాలి తగిలి గట్టి బీజాలుగా మారి ఆ నేలలో దశాబ్దాలు ఉంటుంది. విశాఖ మన్యంలో చచ్చిన పశుమాంసాన్ని పంచుకున్న ఊళ్లలో నొప్పిలేని నల్లటి పుండ్లతో జనం ఆస్పత్రులకు చేరిన సందర్భాలున్నాయి.

అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా

నెల్లూరు జిల్లాకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. వరదలు, నాట్లు, వలస పక్షులు, ఎలుకల సందడి అన్నీ దాదాపు ఒకే కాలంలో పడతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు ఊళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి నీటిలో ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రం కలుస్తుంది. నానిన చర్మం గుండా, పాదాల పగుళ్ల గుండా లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. జ్వరంతో పాటు పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్లు ఎర్రబడడం దీని గుర్తులు. కొందరికి కామెర్లు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కామెర్లు అనగానే ఆకుమందుకు పరుగెత్తడం వల్ల పోగొట్టుకునే రోజులే ప్రాణాల మీదకు తెస్తాయి.

పాత ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో నల్లమల అంచున, ఉదయగిరి వైపు వెలిగొండల కింద ఇదే కాలంలో స్క్రబ్ టైఫస్ వస్తుంది. 2025 చివర్లో రాష్ట్రమంతా దీని గురించి మాట్లాడుకుంది. ఎలుకల మీద, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న మైట్ అనే పురుగు పిల్లలు (మంచాల్లో ఉండే నల్లి కాదు) కుట్టడం వల్ల సోకుతుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గర బట్ట బిగుసుకునే చోటో దాగి ఉంటుంది కాబట్టి బట్టలు తీసి వెతికితే తప్ప దొరకదు. దొరికితే వైద్యం సులువు, డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. రోగిని ఇంట్లో వేరుగా ఉంచాల్సిన పనిలేదు.

రెండు శాఖల మధ్య పడిపోయే సమాచారం

ఈ జబ్బులన్నీ దొరక్కుండా పోవడానికి ఒక కారణం వ్యవస్థలోనే ఉంది. ఊళ్లో పశువులు ఈసుకుపోతున్న సంగతి పశువైద్యుడికి తెలుస్తుంది. అదే ఊరి నుంచి మొండి జ్వరాలు వస్తున్న సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు తెలుస్తుంది. ఒకరి రిజిస్టర్ ఇంకొకరు చూడరు. బర్డ్‌ఫ్లూ విషయంలో రెండు శాఖలూ కలెక్టర్ దగ్గర ఒకే గదిలో కూర్చుంటాయి, అందుకే 2024లో రెండు ఊళ్ల చుట్టూ వెంటనే కట్టుదిట్టం చేయగలిగారు. బ్రూసెల్లోసిస్‌కు, హైడాటిడ్‌కు అలాంటి ఏర్పాటు కనిపించదు. అవి ఒక్కసారిగా కోళ్లను కుప్పగా చంపే జబ్బులు కావు. ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషిని మెల్లగా పనికి దూరం చేస్తాయి.

వాతావరణం, సంతలు, పెరుగుతున్న వీధికుక్కలు చూస్తే రాబోయే ఏళ్లలో ఈ జబ్బులు తగ్గే సూచనలు లేవు. పరీక్షలు పెరిగేకొద్దీ కేసులూ ఎక్కువ కనిపిస్తాయి. దాన్ని కొత్త ముప్పుగా చూడనక్కర్లేదు, ఇప్పటిదాకా ‘జ్వరం’ పేరుతో పోయినవే లెక్కకు వస్తున్నాయని అర్థం. జ్వరంతో వచ్చిన మనిషిని ‘ఇంట్లో పశువులున్నాయా, ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా, చెరువులో దిగావా, అడవికి వెళ్లావా’ అని అడగడానికి డాక్టరుకు అర నిమిషం పడుతుంది. అడగకపోతే రోగే చెప్పాలి. పశువులు ఈసుకుపోయినా, కోళ్లు గుంపుగా చచ్చినా, ఉన్నట్టుండి పశువు పడిపోయినా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది వచ్చేదాకా కళేబరాన్ని, మాయను ఎవరూ ముట్టుకోకుండా, కుక్కలు దగ్గరికి రాకుండా చూడాలి.